కుట్టు మిషన్ నుంచి కారు ఇంజన్ దాకా: టైమింగ్ బెల్ట్ కథ, దాని పక్కనున్న పార్ట్స్ కథ

ఈ రోజు ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు నా టేబుల్ మీద ఉన్న ఈ వస్తువు ఒకసారి చూడండి. అరచేతిలో పట్టేంత చిన్న పుల్లీ. ఒక పక్కంతా మాడి నల్లబడిపోయింది. వేలితో తిప్పండి, తిరగదు. ఐదేళ్ళుగా ఇది నా కంప్యూటర్ పక్కనే ఉంది. దీని ఖరీదు అప్పట్లో వెయ్యి రూపాయల లోపే. దీని వల్ల మాకు అయిన ఖర్చు దాదాపు 40 వేలు, నాన్నకి పోయిన బాడుగలు అదనం.

2019 సంగతి. నేను బీటెక్ అయ్యి ఉద్యోగంలో చేరిన కొత్త. నాన్న విజయవాడలో సెకండ్ హ్యాండ్ డీజిల్ కారు కొనుక్కుని ట్యాక్సీ తిప్పేవారు. టైమింగ్ బెల్ట్ మార్చే టైమ్ వచ్చింది. మెకానిక్ "కిట్ మొత్తం వేద్దాం" అన్నాడు. నేను నెట్‌లో నాలుగు వీడియోలు చూసి తెలివిగా లెక్కేశాను. బెల్ట్ ఒక్కటీ అయితే ఇంత, టెన్షనర్, ఐడ్లర్, వాటర్ పంప్ కలిపితే ఇంత. తేడా మూడు వేల పైచిలుకు. "పుల్లీలు బాగానే తిరుగుతున్నాయి కదా నాన్నా, మంచి కంపెనీ బెల్ట్ తెస్తాను, అది చాలు" అన్నాను. బెల్ట్ అసలైనదే తెచ్చాను. అందులో మోసం ఏమీ లేదు.

ఏడు నెలల తర్వాత శంషాబాద్ ఎయిర్‌పోర్ట్‌కి ప్యాసింజర్లని తీసుకెళ్తుంటే, కోదాడ దాటాక బండి ఒక్కసారిగా ఆగిపోయింది. రాత్రి రెండు గంటలు. వెనకాల లారీలు. స్టీరింగ్ బిగుసుకుపోయింది, బ్రేక్ గట్టిపడింది. నాన్న ఎలాగో పక్కకి తీశారు. ఎవరికీ ఏమీ కాలేదు. ప్యాసింజర్లకి ఫ్లైట్ మిస్సయ్యింది. బండిని లాక్కుని విజయవాడ ఆటోనగర్ తెచ్చాం.

కవర్ తీసిన మెకానిక్ బాబాయ్ నాతో అన్న మాట ఇప్పటికీ గుర్తుంది. "బెల్ట్‌ది తప్పు లేదు బాబూ. పక్కనున్న పుల్లీ బేరింగ్ పట్టేసింది. బెల్ట్ దాని మీద రాసుకుని రాసుకుని వేడెక్కి పళ్ళు ఊడిపోయాయి." హెడ్ విప్పితే వాల్వులు వంగిపోయి ఉన్నాయి.

ఆ పుల్లీయే ఇది. కొత్త బెల్ట్ పక్కన నేను ఉంచేయమన్న పాతది.

ఆ తర్వాత ఈ బెల్ట్ గురించి చదవడం మొదలుపెట్టాను. చదువుతుంటే ఒక విషయం అర్థమైంది. ఇవాళ కిట్ బాక్స్‌లో ఏమేం ఉంటాయో, అవి ఎందుకు ఉంటాయో, అదంతా ఒక 60 ఏళ్ళ చరిత్ర. ఆ చరిత్ర తెలిస్తే షాపులో ఏది కొనాలో మనకే తెలుస్తుంది.

అసలు ఇది చేసే పని ఏంటి?

తెలిసినవాళ్ళు ఒక్క నిమిషం ఓపిక పట్టండి. ఇంజన్ కింద క్రాంక్ షాఫ్ట్ ఉంటుంది, పిస్టన్లు దానికి తగిలించి ఉంటాయి. పైన క్యామ్ షాఫ్ట్ ఉంటుంది, అది వాల్వులని తెరుస్తుంది. క్రాంక్ రెండు చుట్లు తిరిగేలోపు క్యామ్ సరిగ్గా ఒక చుట్టు తిరగాలి. అటూ ఇటూ కాకూడదు. 3000 ఆర్‌పీఎం దగ్గర క్రాంక్ సెకనుకి 50 సార్లు తిరుగుతుంది, ఒక్కో వాల్వ్ సెకనుకి 25 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. ఈ రెంటినీ కలిపి ఉంచేదే టైమింగ్ బెల్ట్.

చాలా ఇంజన్లలో, ముఖ్యంగా డీజిల్ ఇంజన్లలో, పిస్టన్ పైకి వచ్చే చోటూ వాల్వ్ కిందకి దిగే చోటూ ఒకటే. ఒకరు ఖాళీ చేశాకే ఇంకొకరు వస్తారు. టైమింగ్ తప్పిందా, రెండూ గుద్దుకుంటాయి. మా బండిలో జరిగింది అదే.

ఇంకో చిన్న లెక్క చూద్దాం. సగటున గంటకి 40 కిలోమీటర్లు, 2000 ఆర్‌పీఎం అనుకోండి. లక్ష కిలోమీటర్లు తిరగడానికి 2500 గంటలు పడుతుంది. అంటే క్రాంక్ 30 కోట్ల సార్లు తిరిగినట్టు. బెల్ట్‌తో పాటు పక్కనున్న పుల్లీలు, వాటి లోపలి బేరింగులు కూడా కోట్ల సార్లు తిరిగినట్టే. "బాగానే తిరుగుతోంది కదా" అని నేను వేలితో తిప్పి చూసి అన్న మాట ఎంత అమాయకమో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది.

బెల్ట్‌కి ముందు

బెల్ట్ రాకముందు ఈ పని గేర్లు, చైన్లు చేసేవి. చైన్ కథలో పెద్ద పేరు హాన్స్ రెనాల్డ్. స్విట్జర్లాండ్‌లో పుట్టి ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో స్థిరపడిన ఇంజనీర్. 1880లో ఆయన తెచ్చిన బుష్ రోలర్ చైనే తర్వాత సైకిల్ నుంచి కారు ఇంజన్ దాకా అన్నిటికీ ఆధారమైంది.

మన రోడ్ల మీద ఒకప్పుడు రాజ్యమేలిన అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని పాత ఇంజన్లు చైన్ బాపతే. వాటిలో క్యామ్ షాఫ్ట్ పైన హెడ్‌లో ఉండేది కాదు, కింద బ్లాక్‌లోనే క్రాంక్ పక్కన ఉండేది. అక్కడి నుంచి పుష్ రాడ్లు పైకి వెళ్ళి వాల్వులని తెరిచేవి. రెండు షాఫ్టులూ దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి పొట్టి చైన్ సరిపోయేది. నూనెలో మునిగి తిరిగేది. మన పాత తరం డ్రైవర్లకి "ఇన్ని కిలోమీటర్లకి బెల్ట్ మార్చాలి" అన్న బెంగ లేకపోవడానికి కారణం ఇదే.

అయితే ఇంజన్ ఇంకా వేగంగా తిరగాలంటే క్యామ్‌ని పైకి, వాల్వుల దగ్గరకి తీసుకెళ్ళాలి. అప్పుడు చైన్ పొడవు పెరుగుతుంది, చప్పుడు పెరుగుతుంది, బరువు పెరుగుతుంది, దానికి ఆయిల్ అందించే ఏర్పాటు కావాలి, ఆయిల్ బయటికి రాకుండా గట్టి కవర్ కావాలి. ఖరీదైన స్పోర్ట్స్ కార్లకి అది ఓకే. మామూలు కారుకి ఎలా?

జవాబు కుట్టు మిషన్ దగ్గర దొరికింది

1940లలో అమెరికాలో ఎల్.హెచ్. గిల్మర్ అనే బెల్టుల కంపెనీలో రిచర్డ్ కేస్ అనే ఇంజనీర్ ఉండేవాడు. ఆ కంపెనీ యునైటెడ్ స్టేట్స్ రబ్బర్ సంస్థ కింద ఉండేది. దాని పేరే తర్వాత యూనిరాయల్ అయ్యింది. ఆయన ముందున్న సమస్య కారుది కాదు, సింగర్ కుట్టు మిషన్‌ది. పైన సూది, కింద బాబిన్, రెండూ ఒకే లయలో నడవాలి. మామూలు బెల్ట్ వేస్తే కొంచెం కొంచెంగా జారుతుంది, కుట్టు తప్పుతుంది. ఆయన రబ్బరు బెల్ట్‌కి లోపలి వైపు పళ్ళు పెట్టాడు. పుల్లీకి ఆ పళ్ళు పట్టేలా గాడులు. ఇక జారదు.

ఆలోచించండి. పైన ఒకటి, కింద ఒకటి, రెండూ ఒకే లయలో తిరగాలి. కుట్టు మిషన్‌కి ఎంత నిజమో కారు ఇంజన్‌కీ అంతే నిజం. కానీ ఆ ఆలోచన పెద్దఎత్తున తయారయ్యే కారులోకి రావడానికి 1962 దాకా పట్టింది. తెచ్చింది ఏ పెద్ద కంపెనీయో కాదు. జర్మనీలో బవేరియా ప్రాంతంలో డింగోల్‌ఫింగ్ అనే చిన్న ఊరు. అక్కడ హాన్స్ గ్లాస్ కుటుంబం మొదట వ్యవసాయ పనిముట్లు చేసేది. తర్వాత స్కూటర్లు, ఆ తర్వాత గోగ్గోమొబిల్ అనే బుల్లి కారు. వాళ్ళే 1962లో గ్లాస్ 1004 అనే కారు మార్కెట్‌లోకి తెచ్చారు. 992 సీసీ ఇంజన్, క్యామ్ పైన, దాన్ని తిప్పేది పళ్ళున్న రబ్బరు బెల్ట్. పెద్దఎత్తున తయారైన కార్లలో ఇదే మొదటిది.

బెల్ట్‌లో ఉన్న సుఖం ఏంటంటే ఆయిల్ అక్కర్లేదు, చప్పుడు తక్కువ, బరువు తక్కువ, ఖర్చు తక్కువ. 1966లో బీఎండబ్ల్యూ ఆ గ్లాస్ కంపెనీని కొనేసింది. అదే 1966లో అమెరికాలో పాంటియాక్ ఆరు సిలిండర్ల ఇంజన్‌కి, ఇటలీలో ఫియట్ 124 స్పోర్ట్ ఇంజన్‌కి బెల్ట్ వచ్చింది. ఆ ఫియట్ ఇంజన్ డిజైన్ చేసిన ఆరేలియో లాంప్రెడి అంతకుముందు ఫెరారీలో రేసు ఇంజన్లు చేసిన మనిషి. రెండు క్యామ్‌లున్న ఇంజన్‌ని మామూలు మనిషి కొనగలిగే ధరకి తెచ్చాడంటే దాని వెనక ఈ రబ్బరు బెల్ట్ పాత్ర చాలా ఉంది. మన బొంబాయిలో అదే ఫియట్ వంశానికి చెందిన 1100 మోడల్ మాత్రం దశాబ్దాల పాటు పుష్ రాడ్లతోనే నడిచింది, అది వేరే కథ.

ఒకేలా కనిపించే రెండు బెల్టులు ఒకటి కావు

ఇక్కడ నుంచి మన షాపింగ్‌కి పనికొచ్చే చరిత్ర మొదలవుతుంది.

మొదట్లో ఈ బెల్టులు నియోప్రీన్ అనే రబ్బరుతో చేసేవారు. ఇంజన్ గది వేడికి అది కొన్నాళ్ళకి గట్టిపడి పగుళ్ళిచ్చేది. పాత మెకానిక్‌లు "బెల్ట్ వంచి చూడు, పగుళ్ళుంటే మార్చెయ్" అనేది ఆ కాలపు అలవాటు. 1980ల నుంచి హెచ్‌ఎన్‌బీఆర్ అనే రబ్బరు వచ్చింది. వేడికీ, ఆయిల్ తగిలినా, నియోప్రీన్ కంటే చాలా బాగా తట్టుకుంటుంది. కానీ ఒక చిక్కుంది. ఈ కొత్త రబ్బరు వయసైపోయినా పైకి చాలాసార్లు బాగానే కనిపిస్తుంది. పగుళ్ళు లేవు కాబట్టి ఇంకో 20 వేలు లాగొచ్చు అనుకోవడం కుదరదు. కిలోమీటర్లూ, ఏళ్ళూ, రెంట్లో ఏది ముందొస్తే అదే లెక్క. మీ కారు మాన్యువల్‌లో రాసి ఉంటుంది.

రెండోది లోపలి దారం. బెల్ట్ బలమంతా రబ్బరులో లేదు, లోపల నిలువునా వెళ్ళే గ్లాస్ ఫైబర్ దారాల్లో ఉంది. గాజు సాగదు, అందుకే టైమింగ్ తప్పదు. కానీ గాజుని మడిస్తే విరుగుతుంది. షాపువాడు బెల్ట్‌ని గట్టిగా మడిచి రబ్బర్ బ్యాండ్ వేసి ఇచ్చినా, "చూడండి ఎంత మెత్తగా ఉందో" అని మెలితిప్పి చూపించినా, ఆ బెల్ట్ తీసుకోకండి. లోపల విరిగిన దారం బయటికి కనపడదు.

మూడోది పళ్ళ ఆకారం. మొదటి బెల్టుల పళ్ళు పైన సన్నగా కింద వెడల్పుగా, పక్కలు తిన్నగా ఉండేవి. బరువంతా పంటి మూలలో పడేది. 1970ల నుంచి గుండ్రటి పళ్ళు వచ్చాయి, బరువు పన్నంతా సర్దుకుంటుంది. పళ్ళ సంఖ్య, వెడల్పు సరిపోయినా ఆకారం వేరైతే ఆ బెల్ట్ ఆ పుల్లీకి కూర్చోదు. అందుకే "సైజు చూసి ఇవ్వండి" అని అడగకూడదు.

చూశారా, ఈ మూడిట్లో రబ్బరు రకమూ, దారం నాణ్యతా మనం కంటితో చూసి చెప్పలేం. చెప్పగలిగింది ఒకటే, ఎవరు తయారు చేశారు అని. కార్ల కంపెనీలు చాలావరకు బెల్టులు తామే తయారు చేసుకోవు. గేట్స్, కాంటినెంటల్, డేకో, జపాన్‌లో కోబే నుంచి వచ్చిన బాండో, మిత్సుబోషి లాంటి కంపెనీలు చేస్తాయి. గేట్స్ 1911లో డెన్వర్‌లో మొదలైంది, కాంటినెంటల్ 1871లో హానోవర్‌లో. తరాలుగా రబ్బరుతోనే బతికిన కంపెనీలివి.

పక్కనున్న పార్ట్స్

ఇప్పుడు నా పుల్లీ దగ్గరికి వద్దాం. మొదటి కార్లలో బెల్ట్‌కి ఒక టెన్షనర్ ఉండేది, మెకానిక్ చేత్తో బిగువు చూసి బోల్ట్ బిగించేవాడు. రానురానూ ఇంజన్లు పెరిగాయి. రెండు క్యామ్‌లు, 16 వాల్వులు, డీజిల్‌లో ఇంజెక్షన్ పంపు, అన్నీ ఒకే బెల్ట్ మీద. బెల్ట్ దారి మెలికలు తిరిగింది. మెలిక ఉన్న చోటల్లా దారి చూపడానికి ఒక ఐడ్లర్ పుల్లీ కావాలి. బిగువు దానంతటదే సర్దుకునే స్ప్రింగ్ టెన్షనర్లు, హైడ్రాలిక్ టెన్షనర్లు వచ్చాయి. ఇంజన్‌ని కారులో అడ్డంగా పెట్టే పద్ధతి వచ్చాక స్థలం ఇరుకై, చాలా ఇంజన్లలో వాటర్ పంప్‌ని కూడా ఈ బెల్ట్‌కే తగిలించారు.

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి కదా, నాకు ఇది డిపెండెన్సీల్లా కనిపిస్తుంది. మన కోడ్ ఎంత బాగా రాసినా, అది ఆధారపడిన ఏదో ఒక చిన్న లైబ్రరీ పడిపోతే మొత్తం సర్వీస్ పడిపోతుంది. బెల్ట్ మీద ఒక్కొక్క పుల్లీ చేరినప్పుడల్లా ఇంజన్ ప్రాణం ఇంకో బేరింగ్ మీద ఆధారపడింది.

వాటర్ పంప్ సంగతి తీసుకోండి. 1990ల చివర్లో ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు ఇంజన్లు కొన్నిట్లో పంప్ లోపలి రెక్కలు ప్లాస్టిక్‌వి ఉండేవి. కొన్నేళ్ళకి అవి పగిలి షాఫ్ట్ మీద ఊరికే తిరిగేవి, నీళ్ళు తిరిగేవి కావు. దాంతో చాలామంది బయట లోహపు రెక్కల పంప్ కొనుక్కుని వేయించుకున్నారు. అంటే జెన్యూన్ బాక్స్ ఒక్కటే ఎప్పుడూ ఆఖరి మాట కాదన్నమాట. అలాగని ప్లాస్టిక్ అంటే చెడ్డది అనీ అనుకోవద్దు, తర్వాత వచ్చిన మంచి ప్లాస్టిక్‌లు బాగానే పనిచేస్తున్నాయి. పంప్ సీల్ లీకైనా నీళ్ళు బెల్ట్ మీద పడతాయి, బేరింగ్ వదులైనా బెల్ట్ పక్కకి జరుగుతుంది. పైగా పంప్ మార్చాలంటే మళ్ళీ బెల్ట్ విప్పాల్సిందే. లేబర్ రెండుసార్లు. అందుకే కిట్ అనేది పుట్టింది. బెల్ట్, టెన్షనర్, ఐడ్లర్, చాలా బాక్సుల్లో వాటర్ పంప్, అవసరమైన కొత్త బోల్టులు, అన్నీ ఒకేసారి కొత్తవి.

మన దగ్గరికి వచ్చేసరికి

1983 డిసెంబర్‌లో మారుతి 800 వచ్చింది. 796 సీసీ, మూడు సిలిండర్లు, క్యామ్ పైన, టైమింగ్ బెల్ట్. లక్షల ఇళ్ళల్లోకి బెల్ట్‌ని తెచ్చింది ఆ బుల్లి కారే. 1998లో శాంట్రో, ఆ తర్వాత ట్యాక్సీలుగా తిరిగిన ఇండికా డీజిల్, ఇంకా తర్వాత డస్టర్‌లోని 1.5 లీటర్ డీజిల్, పోలో డీజిల్, అన్నీ బెల్ట్ బండ్లే. చైన్ ఉన్న కార్లు కూడా ఇప్పుడు చాలా ఉన్నాయి, మీది ఏదో ముందు కనుక్కోండి.

మెకానిక్‌లు పని నేర్చేసుకున్నారు. ఆటోనగర్‌లో కళ్ళు మూసుకుని బెల్ట్ ఎక్కించే మనుషులున్నారు. చిక్కు పనితనంలో కంటే పార్ట్ కొనే చోట ఎక్కువగా వచ్చింది. విజయవాడ ఆటోనగర్ అయినా, సికింద్రాబాద్ రాణిగంజ్ అయినా, కౌంటర్ దగ్గర నిలబడితే మీకు నాలుగు మాటలు వినిపిస్తాయి.

ఒకటి, "జెన్యూన్". కారు కంపెనీ బాక్స్‌లో వచ్చేది. రెండు, "ఓఈఎం". కారు కంపెనీకి ఆ పార్ట్ సరఫరా చేసే తయారీదారే తన సొంత బాక్స్‌లో అమ్మేది. మంచి ఓఈఎం దొరికితే తక్కువ ధరకి దాదాపు అదే సరుకు. మూడు, "ఆఫ్టర్‌మార్కెట్". వేరే కంపెనీలు తయారు చేసేవి. ఇందులో చాలా మంచివీ ఉన్నాయి, నాసిరకమూ ఉంది. నాలుగు, "డూప్లికేట్". పేరు ఒకరిది, తయారీ ఇంకొకరిది. మొదటి మూడూ వ్యాపారం. నాలుగోది 1999 ట్రేడ్ మార్క్స్ చట్టం కింద నేరం.

నాలుగోదాని గురించి అందరూ భయపడతారు, భయపడాలి కూడా. కానీ నేను చూసినంతలో మనం ఎక్కువగా పడే గుంట వేరే. బాక్స్ మీద మంచి బెల్ట్ కంపెనీ పేరు ఉంటుంది, లోపల బెల్ట్ మంచిదే ఉంటుంది, పక్కనున్న పుల్లీలు మాత్రం ఊరూపేరూ లేనివి. షాపులోనే విడివిడిగా పార్టులు కలిపి "కిట్" అని ఇచ్చినప్పుడు ఇది జరుగుతుంది. నేను చేసింది కూడా ఒకరకంగా ఇదే. మంచి బెల్ట్ తెచ్చి పాత పుల్లీల మధ్య పెట్టాను.

అయితే ఎలా కొనాలి?

ముందు మీ ఆర్‌సీ తీయండి. మోడల్ పేరు, సంవత్సరం చెప్తే సరిపోదు, ఛాసిస్ నంబర్, ఇంజన్ నంబర్ కావాలి. ఒకే మోడల్‌లో మధ్యలో ఇంజన్ మార్చిన సందర్భాలు చాలా. ఛాసిస్ నంబర్‌తో సరైన పార్ట్ నంబర్ రాయించుకోండి, ఆ నంబర్‌తోనే మిగతా కంపెనీల కేటలాగ్‌లో వెతకండి.

బాక్స్ తెరిచాక మొదట బెల్ట్ చూడకండి, పుల్లీలు చూడండి. బేరింగ్ అంచు మీద, లోహం మీద, తయారీదారు పేరు చెక్కి ఉందా? ఐఎన్ఏ, ఎస్‌కేఎఫ్, ఎన్‌టీఎన్, కోయో, ఎన్ఎస్‌కే లాంటి బేరింగ్ కంపెనీల పేర్లు మంచి కిట్లలో కనిపిస్తాయి. వేలితో తిప్పితే కొత్త బేరింగ్ లోపలి గ్రీజు వల్ల కొంచెం బరువుగా, నున్నగా తిరగాలి. సర్రుమని బొంగరంలా తిరిగితే, గరగరమంటే, పక్కన పెట్టేయండి. విప్పిన పాత పుల్లీని కూడా ఇలాగే తిప్పి చూడండి, తేడా చేతికి తెలుస్తుంది.

బెల్ట్ మీద అచ్చు చూడండి. పార్ట్ నంబర్, పేరు స్పష్టంగా ఉండాలి, గోటితో గీకితే ఊడిపోకూడదు. బాక్స్ మీద హోలోగ్రామ్, స్కాన్ చేసే కోడ్ ఉంటే ఆ కంపెనీ సొంత సైట్‌లోనే చెక్ చేయండి. ధర మిగతా షాపులన్నిటికంటే సగమే ఉంటే సంతోషపడకండి. జీఎస్‌టీ బిల్లు అడగండి. బిల్లు ఇవ్వడానికి నసిగే చోట ఈ ఒక్క పార్ట్ మాత్రం కొనకండి.

వాటర్ పంప్ కొంటే మాన్యువల్‌లో చెప్పిన కూలెంట్ కూడా కొనండి. కుళాయి నీళ్ళు పోస్తే కొత్త పంప్ సీల్‌ని మీరే పాడుచేసినట్టు. క్రాంక్ సీల్, క్యామ్ సీల్ దగ్గర ఆయిల్ చెమ్మ ఉంటే అవీ మార్చించండి, లేకపోతే ఆ ఆయిల్ కొత్త బెల్ట్ మీదే పడుతుంది. బయట ఉండే ఫ్యాన్ బెల్ట్ పాతదైతే అదీ మార్చండి. కొన్ని ఇంజన్లలో అది చిరిగి, ఆ పీలికలు టైమింగ్ కవర్ లోపలికి వెళ్ళి పని కానిచ్చేస్తాయి.

బిగించేటప్పుడు దగ్గర ఉండండి. మెకానిక్‌ని అనుమానించడానికి కాదు, గౌరవంగా అడగొచ్చు. "అన్నా, లాకింగ్ టూల్ వేశావా? టార్క్ రెంచ్‌తో బిగిస్తున్నావా?" మంచి మెకానిక్ ఈ ప్రశ్నకి కోప్పడడు, చూపిస్తాడు. అయ్యాక స్టార్ట్ కొట్టే ముందు క్రాంక్‌ని చేత్తో నిండా రెండు చుట్లు తిప్పి గుర్తులు మళ్ళీ కలిశాయో లేదో చూస్తాడు. పాత పార్టులు అడిగి తెచ్చుకోండి.

చివరిగా ఇంకో మలుపు

ఈ కథ 1980ల రబ్బరుతో అయిపోలేదు. 2012లో ఫోర్డ్ యూరప్‌లో 1.0 లీటర్ ఎకోబూస్ట్ ఇంజన్ తెచ్చింది. అందులో బెల్ట్ బయట పొడిగా కాకుండా, చైన్‌లాగా ఇంజన్ ఆయిల్‌లో తడుస్తూ తిరుగుతుంది. రాపిడి తక్కువ, మైలేజ్ ఎక్కువ. మన దగ్గర 2013లో వచ్చిన ఎకోస్పోర్ట్ పెట్రోల్ టర్బోలో ఉన్నది ఆ ఇంజనే. ప్యూజో, సిట్రోయెన్ కార్లలోని 1.2 లీటర్ ప్యూర్‌టెక్ కూడా అదే దారి. కొన్నేళ్ళకి యూరప్‌లో ఫిర్యాదులు, రీకాల్స్ వచ్చాయి. ఆయిల్‌లో నానిన బెల్ట్ పొరలు పొరలుగా ఊడి, ఆ ముక్కలు ఆయిల్ పంప్ జల్లెడకి అడ్డుపడి ఇంజన్‌కి ఆయిల్ అందడం తగ్గింది. తర్వాత రెండు కంపెనీలూ కొత్త ఇంజన్లలో టైమింగ్‌కి చైన్ వైపు తిరిగాయి.

ఇలాంటి తడి బెల్ట్ ఉన్న బండికి సరైన గ్రేడ్ ఇంజన్ ఆయిల్ కూడా టైమింగ్ కిట్‌లో భాగమే. అక్కడ ఆయిల్ దగ్గర మిగిల్చిన 500 రూపాయలు, నేను ఐడ్లర్ దగ్గర మిగిల్చిన డబ్బు లాంటివే.

నాన్న ఆ బండి ఇంకో మూడేళ్ళు నడిపారు. ఇంజన్ పని చేయించాక కిట్ నేనే కొన్నాను, ఈసారి ప్రతి పుల్లీ తిప్పి చూసి. బానెట్ లోపల ఒక స్టిక్కర్ అంటించి మార్చిన తేదీ, మీటర్ రీడింగ్, మళ్ళీ మార్చాల్సిన రీడింగ్ మార్కర్‌తో రాశాను. బండి అమ్మేటప్పుడు కొన్నాయన టైర్లు చూడలేదు, ముందు ఆ స్టిక్కర్ చూసి బిల్లు అడిగాడు. పాత ఫైల్లోంచి బిల్లు తీసి ఇచ్చినప్పుడు నాన్న నా వైపు ఒకసారి చూశారు. ఏమీ అనలేదు. కోదాడ రాత్రి గురించి ఆయన నన్ను ఎప్పుడూ ఏమీ అనలేదు. అందుకే ఈ పుల్లీ ఇంకా నా టేబుల్ మీదే ఉంది.

మీ బండి బెల్ట్ ఎప్పుడు మార్చారో గుర్తుందా? సెకండ్ హ్యాండ్ బండి అయ్యి, బిల్లు లేకపోతే, మార్చలేదనే అనుకోండి. ఈ వారమే ఒకసారి మాన్యువల్ తీసి చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో మళ్ళీ కలుద్దాం. ఉంటానండీ.